లంకలు మునిగాక కాదు, మునగక ముందే మేత దాచాలి

కోనసీమలో మేతకు కరువు ఉందంటే పైప్రాంతాల వారు నమ్మరు. రెండు వైపుల గోదావరి పాయలు, మూడో వైపు సముద్రం, నడుమ కొబ్బరి, వరి, అరటి. ఇంత పచ్చదనం నడుమ పెరిగే గొర్రెపిల్ల డొక్కలెండి, ప్రక్కటెముకలు లెక్కపెట్టేటట్టు ఎందుకుంటున్నది? అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల కాపరులు ఏటా వర్షాకాలంలో ఎదుర్కొనే ప్రశ్న ఇది.

జవాబు కష్టమైనదేమీ కాదు. ఇక్కడ మేత లేక కాదు. మేత ఉన్న నెలలో దాచే ఏర్పాటు లేదు, మేత లేని నెలలో పిల్లకు విడిగా పెట్టే అలవాటు లేదు. ఈ లోపానికి కాపరి ఒక్కడినే తప్పుపట్టి ప్రయోజనం లేదు. దాచుకోవడానికి చోటు లేనివాడికి, దాచే పద్ధతి చెప్పేవారు లేనివాడికి బుద్ధులు చెప్పడం సులభం. చోటు చూపించడం, పద్ధతి నేర్పడం ప్రభుత్వం పని, పంచాయతీల పని, గడ్డి ఉన్న రైతుల పని కూడా.

విందు, పస్తు

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. కాలువ నీరు పారిన మేరకు వరి వచ్చింది. వరి వచ్చిన మేరకు మేత బీళ్లు తగ్గాయి. సార్వా ఊడ్పులు మొదలయింది లగాయతు కోతలయ్యేదాకా చేలో గొర్రె కాలు పెట్టడానికి వీలు లేదు. కోతలయ్యాక కొద్ది వారాలు మాత్రమే మందకు స్వేచ్ఛ. దాళ్వా ఊడ్పులు రాగానే మళ్లీ చేలు మూతపడతాయి. ఉప్పలగుప్తం, కాట్రేనికోన, అల్లవరం వైపు చేపల, రొయ్యల చెరువులు పెరిగాయి. చెరువు గట్టు మీదికి మందను రానివ్వరు.

ఇక మిగిలింది కాలువ గట్లు, ఏటిగట్టు, పుంతలు. యజమాని ఒప్పుకుంటే కొబ్బరి తోటలు. వరద రానంత కాలం లంకలు. అంటే కోనసీమ గొర్రెకు ఏడాదిలో రెండు విందులు, రెండు పస్తులు. ఒక విందు సార్వా కోతల వెనుక, రెండోది దాళ్వా కోతల వెనుక. ఒక పస్తు కాలువలు కట్టేసిన ఎండాకాలంలో, రెండోది ముసురులో, వరదలో.

పెద్ద గొర్రె ఈ పస్తులను ఎలాగో ఈదుకొస్తుంది. విందులో పట్టిన కొవ్వు పస్తులో కరిగించుకుంటుంది. పిల్లకు ఆ నిల్వ లేదు. తిన్నది తిన్నట్టు ఎముకకు, కండకు పోవలసిన వయసు అది. ఆ వయసులో రెండు నెలలు కడుపు మాడితే పోయిన పెరుగుదల తర్వాత పూర్తిగా తిరిగి రావడం కష్టం. గిడసబారిన వరి మొక్కకు ఆలస్యంగా ఎరువు వేసినట్టే ఉంటుంది.

పిల్ల కడుపు సంగతి

గొర్రెకు కడుపు నాలుగు అరలు. పుట్టిన పిల్లకు పాలు అరిగించే నాలుగో అర ఒక్కటే పనిచేస్తుంది. గడ్డి అరిగించే పెద్ద అర అప్పటికి చిన్న సంచి మాత్రమే. పిల్ల గట్టి మేత కొరకడం మొదలుపెట్టాక, ఆ మేత అక్కడ పులియడం వల్ల ఆ సంచి పెరుగుతుంది. పాలు ఎంత తాగినా అది పెరగదు. రెండో వారం నుంచే కాస్త లేత ఆకు, కాస్త దాణా పిల్ల ముందు ఉంచాలని పశువైద్యులు చెప్పేది అందుకే.

తల్లి పాలు మూడు నాలుగు వారాల వరకు పెరిగి ఆపైన తగ్గుముఖం పడతాయి. పిల్ల ఆకలి మాత్రం రోజురోజుకూ పెరుగుతుంది. ఈ ఎడం పూరించేది విడి మేతే. మూడో నెల నిండి పాలు మాన్పించే నాటికి గడ్డి అర తయారై ఉంటే పిల్ల నిలదొక్కుకుంటుంది. తయారు కాకుంటే పాలూ పోయి, గడ్డీ అరగక, పొట్ట ఉబ్బి వీపు ఎండిన పిల్ల తయారవుతుంది. సంతలో అటువంటి పిల్లను దళారి చేత్తో నడుము పట్టి చూసి ధర సగానికి దించుతాడు.

అసలు సంగతి అంతకు ముందే మొదలవుతుంది. కడుపులో పిల్ల బరువులో ఎక్కువ భాగం చూలు చివరి ఆరు వారాలలో పెరుగుతుంది. ఆ ఆరు వారాలు తల్లి పస్తులుంటే పిల్ల చిన్నదై పుడుతుంది, తల్లికి పాలు చాలవు. పుట్టిన గంటలోగా ముర్రుపాలు తాగడం, మొదటి రోజున తన బరువులో పదో వంతు తాగడం పిల్లకు ప్రాణాధారం. మూడు కిలోల పిల్లకు అది 300 గ్రాములు. తల్లికి మేత లేనప్పుడు ఆ 300 గ్రాములు ఎక్కడి నుంచి వస్తాయి?

వర్షాకాలపు గడ్డి పచ్చగా ఉంటుంది గనుక బలమైనదని చాలామంది నమ్మకం. ముసురులో ఎదిగిన గడ్డిలో నీరే ఎక్కువ. పిల్ల పొట్ట నిండుతుంది గానీ సారం ఒంటికి పట్టదు. పైగా ఆ గడ్డి కొనలకు నట్టల పిల్లలు పట్టి ఉంటాయి. నీరు నిలిచే చోట నత్తలు ఉంటాయి, నత్తల వెంట కార్జపు జలగ ఉంటుంది. తిన్నదాంట్లో కొంత జలగలకూ నట్టలకూ పోతే పిల్లకు మిగిలేది తక్కువ. దాచిన ఎండు మేత పూటకు ఇంత దొడ్డిలో పెడితే పిల్ల ఈ తడి గడ్డి మీద ఆధారపడటం తగ్గుతుంది. మేత దాచడం ఆకలికే కాదు, రోగానికి కూడా అడ్డుకట్ట.

రూపాయల లెక్క

విడి మేత ఖర్చు దండగ అనే మాట తరచు వినిపిస్తుంది. ఒక లెక్క వేసి చూడవచ్చు. పాలు మానిన పిల్ల గట్ల మీద మేతతోనే రోజుకు 50 గ్రాములు పెరుగుతుందనుకుందాం. రోజుకు 200 గ్రాముల దాణా తోడైతే 100 గ్రాములు పెరుగుతుందనుకుందాం. మూడు నెలలలో, అంటే 90 రోజులలో, తేడా నాలుగున్నర కిలోలు. ఇందుకు పట్టిన దాణా 18 కిలోలు. కిలో దాణా 30 రూపాయలు అనుకుంటే ఖర్చు 540 రూపాయలు. బతికున్న పొట్టేలు కిలో 350 రూపాయలు అనుకుంటే పెరిగిన బరువు విలువ 1,575 రూపాయలు. ధరలు మారవచ్చు. ఎవరి ఊరి ధర వారు వేసుకుని చూసుకోవచ్చు. పెరుగుదల అనుకున్న దానికి సగమే వచ్చినా పెట్టుబడి తిరిగి వస్తుంది.

ఈ లెక్కలో చావు లేదు. చనిపోయిన పిల్లకు పెరుగుదల లెక్క ఉండదు, పెట్టిన పాలు, తిప్పిన శ్రమ అన్నీ నష్టమే. ఇరవై గొర్రెలున్న ఇంట్లో ఏటా నాలుగు పిల్లలు పోతే ఆ ఇంటి సంక్రాంతి బట్టలు పోయినట్టే, పిల్లవాడి కాలేజీ ఫీజు పోయినట్టే. సెంటు భూమి లేని కుటుంబానికి మందే పాసుపుస్తకం.

వరద వెనుక వచ్చే లారీ

1986 ఆగస్టులో ధవళేశ్వరం వద్ద సుమారు 35 లక్షల క్యూసెక్కుల వరద నమోదయింది. 2006 ఆగస్టులో మళ్లీ పెద్ద వరద వచ్చింది. 2022 జూలైలో 25 లక్షల క్యూసెక్కులు దాటింది. జూలై నెలలోనే అంత వరద రావడంతో సర్దుకోవడానికి వ్యవధి కూడా దొరకలేదు. పి.గన్నవరం, మామిడికుదురు, అయినవిల్లి, ముమ్మిడివరం, సఖినేటిపల్లి మండలాల లంకలు నీట మునిగాయి. కాజ్‌వేలు మునిగి పడవలే దిక్కయ్యాయి. పశువులను ఏటిగట్టు మీదికి తోలుకొచ్చారు.

వరద తగ్గుముఖం పట్టాక మేత లారీలు వస్తాయి. రావడం మంచిదే. తెచ్చినవారి శ్రమను కాదనడానికి లేదు. కానీ మేత కావలసింది నీరు వచ్చిన మొదటి రోజున. లారీ వచ్చేటప్పటికి గట్టు మీద అయిదారు రోజులు గడిచిపోతాయి. ఎదిగే పిల్లకు అయిదారు రోజుల పస్తు చిన్నది కాదు. పైగా లారీలో వచ్చేది వరిగడ్డి అయితే అది గేదెకు కడుపు నింపుతుంది గానీ నాలుగు నెలల గొర్రెపిల్లకు పనికిరాదు. గడ్డి పంపకానికి గేదెల లెక్కే ఆధారమయితే గట్టు మీద ఉన్న గొర్రెపిల్ల ఎవరి లెక్కలోకీ రాదు.

వరదలో గొర్రెపిల్లలు నీటిలో కొట్టుకుపోయి చచ్చేది కొంత. నీరు తీశాక చచ్చేది మరికొంత. ఒండ్రు పట్టిన గడ్డి తిని పారుడు, తడిలో నిలబడి జలుబు, గిట్టల పుండ్లు, ఆపైన నట్టలు. ఆకలితో నీరసించిన పిల్లను ఇవన్నీ తొందరగా పడగొడతాయి. ఈ చావులు వరద నష్టం జాబితాలోకి ఎక్కడం కష్టం. నీట మునిగి చచ్చిన జీవానికి పంచనామా ఉంటుంది. నీరు తీసిన ఇరవయ్యో రోజున చచ్చిన పిల్లకు పంచనామా ఎవరు చేస్తారు?

ధవళేశ్వరం వద్ద 10 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది ఇస్తారు. మనుషులను తరలించడానికి హెచ్చరికల లెక్క ఉంది. మేత తరలించడానికీ అటువంటి లెక్క ఉండాలి. మొదటి హెచ్చరిక నాటికి ఏటిగట్టు ప్రక్కన మేత బస్తాలు సిద్ధంగా ఉండాలి.

ఏమి దాచవచ్చు?

మేత దాచడమంటే గడ్డిమేటు వేయడమే అనుకోవడం పొరపాటు. వరిగడ్డిలో మాంసకృత్తులు నూటికి మూడు నాలుగు పాళ్లకు మించవు. పెరిగే పిల్లకు అది చాలదు. అయినా తల్లి గొర్రెల కడుపు నింపడానికి అది అవసరమే. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియాను 50, 60 లీటర్ల నీటిలో పూర్తిగా కరిగించి చల్లి, బరకం కప్పి గాలి చొరకుండా మూడు వారాలు మాగబెడితే గడ్డి మెత్తబడుతుంది, మాంసకృత్తుల విలువ పెరుగుతుంది. తీశాక కాసేపు గాలికి ఆరబెట్టి పెట్టాలి. ఆరు నెలలు నిండని పిల్లలకు మాత్రం ఈ గడ్డి పెట్టకూడదు. యూరియాను నీళ్లలో కలిపి తాగించడం, దాణాలో ఉజ్జాయింపుగా కలపడం ప్రాణానికే ముప్పు.

ఈ గడ్డి కూడా చేలలో తగలబడుతున్నది. కోత యంత్రాలు వచ్చాక గడ్డి చేలో చెల్లాచెదరుగా పడుతున్నది. ఏరి మేటు వేయడానికి కూలి గిట్టక, దాళ్వాకు తొందరపడి రైతు నిప్పు పెడుతున్నాడు. గడ్డి కట్టలు కట్టే యంత్రాలు ఉన్నాయి. ఒకే ఊళ్లో ఒక ప్రక్క గడ్డి పొగ, మరో ప్రక్క మేత లేని మంద. ఈ రెండింటినీ కలిపే మనిషి కావాలి.

పిల్లలకు కావలసింది పప్పుజాతి మేత. ఇది డెల్టాకు కొత్త కాదు. వరి కోతకు ముందు చేలో పిల్లిపెసర, జనుము చల్లి, కోతల తర్వాత పశువులకు మేపడం, జనుము కోసి ఎండబెట్టి మేటు వేయడం పెద్దలు ఎరిగిన సేద్యమే. మినుము, పెసర నూర్చాక మిగిలే పొట్టు, ఆకు, కట్టె వరిగడ్డి కంటె ఎన్నో రెట్లు మేలు. ఈ పొట్టు కళ్లంలో గాలికి వదిలేయకుండా బస్తాలకెత్తి అటక మీద పెట్టుకుంటే జూలైలో బంగారమవుతుంది. పిల్లిపెసరను పూత దశలో కోసి, ఆకు రాలకుండా నీడపట్టున ఆరబెట్టాలి. చేత్తో నలిపితే కాడ పెళుసుగా విరగాలి. తేమ నూటికి 15 పాళ్లు మించితే మేటులో బూజు పడుతుంది.

చెట్ల ఆకు రెండో దారి. అవిసె ఆకులో ఎండు బరువు మీద నూటికి పాతిక పాళ్ల వరకు మాంసకృత్తులు ఉంటాయి. కాలువ గట్టున, పెరటిలో, తోట కంచెలో ఎక్కడైనా అవిసె, గ్లిరిసిడియా పెరుగుతాయి. సుబాబుల్ కూడా మంచిదే గానీ మొత్తం మేతలో మూడో వంతు మించకూడదు. మించితే బొచ్చు ఊడుతుంది, పెరుగుదల ఆగుతుంది. ఎండ కాసే ఫిబ్రవరి, మార్చిలలో ఈ ఆకు కోసి ఆరబెట్టి గోనెసంచులకు ఎత్తితే చోటు కూడా ఎక్కువ పట్టదు. కొబ్బరి నీడలో గినీ గడ్డి పెరుగుతుంది. కొబ్బరిలో మేత గడ్డి పెంచి పశువులను మేపే మిశ్రమ సేద్యం మీద కాసరగోడు కేంద్ర పరిశోధనా సంస్థ ఎంతో కాలం పనిచేసింది. మన అంబాజీపేటలోనూ కొబ్బరి పరిశోధనా కేంద్రం ఉంది. కోనసీమ తోటల నీడను మేతగా మార్చే పని ఇంకా ఊళ్లలోకి పూర్తిగా దిగలేదు.

మూడో దారి పాతర గడ్డి. పచ్చి మేతను గాలి చొరకుండా మాగబెట్టి దాచడం. ఈ విద్య మీద పనిచేసిన ఫిన్లాండు శాస్త్రవేత్త విర్తానెన్‌కు 1945లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. పచ్చి మేతలో పులుపు త్వరగా పెరిగితే కుళ్లు ఆగుతుంది, సారం నిలుస్తుంది అన్నదే అందులో కిటుకు. నెలల తరబడి మంచు కప్పే దేశం పశువులను అలా కాపాడుకుంది. మన లంకలకు మంచు లేదు, వరద ఉంది. తేడా అంతే.

పుస్తకాలలో గొయ్యి తవ్వి పాతర వేయమని ఉంటుంది. కోనసీమలో చాలాచోట్ల నాలుగడుగులు తవ్వితే నీరు ఊరుతుంది. ఇక్కడ గొయ్యి పాతర పనికిరాదు. మూత గట్టిగా బిగిసే ప్లాస్టిక్ పీపాలు, మందపాటి పాలిథీన్ సంచులు, మెరక మీద బరకం కప్పిన కుప్ప అయితేనే నిలుస్తుంది. మొక్కజొన్నను గింజ పాలు పోసుకుని గట్టిపడే దశలో కోసి, అంగుళం ముక్కలుగా నరికి, పొరపొరకూ తొక్కి గాలి తీసి మూత బిగించాలి. 45 రోజులకు మాగుతుంది. బాగా మాగినది పసుపు కలిసిన ఆకుపచ్చగా, పుల్లని వాసనతో ఉంటుంది. నల్లబడినది, బూజు పట్టినది గొర్రెకు పెట్టకూడదు. చెడిన పాతర గడ్డి వల్ల మెదడుకు సోకే వ్యాధి వచ్చి గొర్రె ఒకే ప్రక్కకు గుండ్రంగా తిరిగి పడిపోతుంది.

లంక భూముల్లో శీతాకాలంలో వేసిన మొక్కజొన్న మార్చి నాటికి కోతకు వస్తుంది. వరదకు మూడు నాలుగు నెలల వ్యవధి ఉంటుంది. అంటే ఏ లంక జూలైలో మునుగుతుందో ఆ లంకే మార్చిలో జూలై మేతను ఇవ్వగలదు.

ఇరవై పిల్లలకు ఎంత కావాలి?

15 కిలోల పిల్లకు రోజుకు సుమారు 600 గ్రాముల ఎండు మేత విలువ కావాలి. ఇందులో మూడో వంతు పాతర గడ్డితో ఇస్తే తడి బరువు మీద 700 గ్రాములు. ఇరవై పిల్లలకు రోజుకు 14 కిలోలు, నెలకు 420 కిలోలు. 200 లీటర్ల పీపాలో 100 కిలోలకు పైగా పడుతుంది. అంటే నాలుగు పీపాలు. దీనికి తోడు రోజుకు పిల్లకు 150 గ్రాముల ఎండు పప్పుజాతి మేత, 150 గ్రాముల దాణా అనుకుంటే నెలకు ఒక్కొక్కటి 90 కిలోలు. మిగిలింది చెట్ల ఆకు. నాలుగు పీపాలు, కొద్ది బస్తాలు. వరద నెలకు ఇరవై పిల్లల ప్రాణం ఖరీదు ఇంతే.

దాణాకు పెద్ద ఫ్యాక్టరీ అవసరం లేదు. మచ్చుకు మొక్కజొన్న నూక 40 పాళ్లు, వేరుశెనగ చెక్క 30, తవుడు 27, ఖనిజ లవణ మిశ్రమం 2, ఉప్పు 1 కలిపితే నూరవుతుంది. కొబ్బరి చెక్క మన ఊళ్ల సరుకే. అందులో మాంసకృత్తులు నూటికి ఇరవై పాళ్ల పైచిలుకు ఉంటాయి. వేరుశెనగ చెక్కలో కొంత భాగానికి బదులు అది వాడుకోవచ్చు. చెక్క ఏదైనా బూజు వాసన ఉంటే పిల్లకు విషమే. గేదెలకు అమ్మే లవణ మిశ్రమంలో రాగి పాలు ఎక్కువ ఉండవచ్చు. గొర్రె రాగిని తట్టుకోలేదు. గొర్రెలకు ప్రత్యేకించినదే అడిగి తీసుకోవాలి.

రెండో వారం నుంచి దొడ్డిలో ఒక మూల తడిక కట్టి, పిల్ల మాత్రమే దూరే సందు వదిలి, అక్కడ దాణా పోయాలి. తల్లులు దూరితే పిల్లకు మిగలదు. మొదట చిటికెడు, తర్వాత 50 గ్రాములు, మూడో నెలకు 100 గ్రాములు. పాలు మానాక 150 నుంచి 200. ఒక్కసారి పెంచకూడదు. ఒకేసారి నూక, అన్నం ఎక్కువ పెడితే కడుపు పులిసి పడిపోతుంది. కొత్త చిగురు మీద, కొత్త దాణా మీద బలంగా ఉన్న పిల్లలే చిటుకు రోగంతో ఉన్నట్టుండి చచ్చేది అందుకే. తొలకరికి ముందే చిటుకు టీకా వేయించి, నట్టల మందు పట్టించి, ఆ తర్వాత దాణా పెంచుకుంటూ పోవాలి. నట్టలున్న కడుపులో దాణా పోయడం చిల్లి కుండలో నీళ్లు పోయడమే.

పథకాలలో చిన్న మంద ఎక్కడ?

2017లో తెలంగాణ ప్రభుత్వం 75 శాతం సబ్సిడీపై ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పంపిణీ మొదలుపెట్టింది. ఆంధ్ర జిల్లాల నుంచి కూడా గొర్రెలు కొన్నారు. జీవాలను ఇవ్వడం ఒక ఎత్తు, ఇచ్చిన జీవాలకు పిల్లలు పుట్టాక మేత చూపడం మరో ఎత్తు. 2019 పశుగణన ప్రకారం తెలంగాణలో 191 లక్షల గొర్రెలు, ఆంధ్రప్రదేశ్‌లో 176 లక్షలు. దేశంలో మొదటి రెండు స్థానాలూ తెలుగువారివే. లెక్క గొప్పదే. తల ఒక్కింటికి బరువు ఎంతన్నదే అడగవలసిన ప్రశ్న.

జాతీయ పశుసంపద మిషన్ కింద 2021లో సవరించిన నిబంధనల ప్రకారం గొర్రెల యూనిట్లకు 50 శాతం సబ్సిడీ ఉంది. కనీసం నూరు గొర్రెలు, అయిదు పొట్టేళ్లు ఉండాలి. పాతర గడ్డి, గడ్డి కట్టల తయారీ యూనిట్లకు 50 లక్షల రూపాయల వరకు సబ్సిడీ ఉంది. బ్యాంకు అప్పు తెచ్చుకోగల పెట్టుబడిదారుకు ఇవి మంచివే. కాలువ గట్టున ఇరవై గొర్రెలు తోలుకునే మనిషికి ఇందులో చోటేదీ? అతనికి కావలసింది 50 లక్షలు కాదు. నాలుగు పీపాలు, ఒక గడ్డి నరికే కత్తిమిషను, నీరు రాని నాలుగు గజాల చోటు.

భూమి లేనివాడు మేత ఎక్కడ పెంచుతాడు అనే ప్రశ్న న్యాయమైనదే. అందుకే ఒక్కొక్కరుగా కాక ఊరి కాపరులు కలిసి చేయాలి. లంక రైతు దగ్గర మొక్కజొన్న చేను నిలబెట్టి కొనుక్కోవచ్చు. అపరాల కళ్లం దగ్గర పొట్టుకు ముందే మాట చెప్పుకోవచ్చు. కోతల తర్వాత చేలో మంద కట్టించుకునే రైతుకు ఎరువు వస్తున్నది. బదులుగా డబ్బే కాకుండా రెండు బస్తాల పొట్టు, బండెడు పిల్లిపెసర అడగడంలో తప్పులేదు. ఇచ్చిపుచ్చుకోవడం డెల్టాకు కొత్త కాదు.

జూన్ లోపు చేయవలసినవి

2022లో కోనసీమ ప్రత్యేక జిల్లా అయింది. అధికారులు కాకినాడలో కాక అమలాపురంలోనే ఉన్నారు. దూరం అనే సాకు తీరిపోయింది. జిల్లా యంత్రాంగం జూన్ లోపు నాలుగు పనులు చేయాలి.

ఒకటి, లంక మండలాలన్నిటిలోను ఏటిగట్టుకు దగ్గరగా, వరద మట్టానికి పైన, మేత నిల్వకు షెడ్డు గాని మెరక దిబ్బ గాని ఏర్పాటు చేయాలి. అందులో వరిగడ్డితో పాటు పిల్లలకు పనికొచ్చే ఎండు పప్పుజాతి మేత, దాణా కూడా ఉండాలి.

రెండు, వరద ముందు తయారుచేసే పశువుల జాబితాలో గొర్రెలను, మేకలను, వాటిలో ఆరు నెలల లోపు పిల్లలను విడిగా రాయాలి. లెక్కలో లేని నోటికి మేత రాదు.

మూడు, కాలువ గట్ల మీద, పంచాయతీ పోరంబోకుల్లో అవిసె, గ్లిరిసిడియా నాటించి, కొమ్మ నరుక్కునే హక్కు ఆ ఊరి కాపరులకు రాతపూర్వకంగా ఇవ్వాలి. నాటిన చెట్టుకు కాపలా కూడా వారే కాస్తారు.

నాలుగు, పశుసంవర్ధక శాఖ సిబ్బంది మార్చిలో ఊరూరా ఒక పీపా పాతర వేసి చూపించాలి, జూలైలో అదే ఊళ్లో అందరి ముందు మూత తీసి చూపించాలి. కరపత్రం చదవలేనివాడు కూడా వాసన చూసి నమ్ముతాడు.

వీటిలో ఏదీ కోట్ల పని కాదు. వరద వెనుక లారీలకు, పాడైపోయే గడ్డికి పెట్టే ఖర్చుతో పోల్చితే తక్కువే అవుతుంది. గోదావరి ఏటా ఏ నెలలో వస్తుందో కోనసీమలో చిన్నపిల్లవాడికీ తెలుసు. తెలిసి వచ్చే చుట్టానికి బియ్యం ముందే చెరుగుతాము. తెలిసి వచ్చే వరదకు మేత ముందే దాచలేకపోతే తప్పు గోదావరిది కాదు. ఈ ఏడు అపరాల కళ్లాలు ఎత్తే నాటికి పొట్టు బస్తాలకెక్కితే, లంక మొక్కజొన్న పీపాలకెక్కితే, వచ్చే వరదకు గట్టు మీద నిలబడ్డ పిల్ల లారీ కోసం ఎదురుచూడదు.